తొడిగేవాళ్ళున్న బట్ట

లాంచీ దొరికింది. నాన్న దొరకలేదు.

ఈ రెండు మాటల మధ్య ఉన్న సందులోనే మా అమ్మ ఆ చలికాలమంతా కాపురం చేసింది.

మా నాన్న నది మీద లాంచీ నడిపే సరంగు. వరద ముంచుకొచ్చిన రోజు, ఎగువన గట్టు తెగి జనం ఇళ్ళ కప్పుల మీద చిక్కుకుపోయారని కబురు రాగానే ఎవరూ అడగకుండానే లాంచీ తీశాడు. ఒక విడత జనాన్ని తెచ్చి రేవులో దించాడు. ఇంకో విడత తెచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు. నీళ్ళు తీసిన తర్వాత లాంచీ ఒక తోటలో బోర్లా పడి కనిపించింది. నాన్న జాడ మాత్రం లేదు.

"లాంచీ బోర్లా పడితే మనిషి పోయినట్టేనా?" అనేది అమ్మ, పలకరించడానికి వచ్చినవాళ్ళతో. "ఆయన నీళ్ళ మీద పెరిగిన మనిషి. కళ్ళజోడు కొట్టుకుపోయుంటుంది, అంతే. అది లేకపోతే ఆయనకి ఎదురుగా నిలబడ్డ మనిషే ఆనడు. ఏ ఊళ్ళో తేలాడో, ఏ ఆసుపత్రిలో పడుకోబెట్టారో."

వచ్చినవాళ్ళు ఏమంటారు? తలూపి, చెప్పులేసుకుని వెళ్ళిపోయేవాళ్ళు.

ఆదివారం వస్తే అమ్మ బీరువాలోంచి నాన్న చొక్కాలన్నీ తీసేది. ఉతికినవే మళ్ళీ ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసేది. నానమ్మ ఎదురుగా కూర్చుని మడతలు పెట్టేది. "వాడొచ్చేసరికి చొక్కా బీరువా వాసన కొడితే ఊరుకోడు," అనేది. నానమ్మ మాటల్లో సగం 'వాడొచ్చాక' అనే మొదలయ్యేవి. వాడొచ్చాక కప్పు బాగు చేయించాలి. వాడొచ్చాక నా కళ్ళు చూపించుకోవాలి.

నేను మధ్యలో నోరు మెదిపేదాన్ని కాదు. రెడీమేడ్ బట్టల కంపెనీలో కటింగ్ టేబుల్ దగ్గర పని నాది. ఒక్క గీత తప్పితే థాను థానే పాడవుతుంది. కత్తెర పెట్టేముందు ఆగడం నాకు అలవాటే.

ఆ ఏడు చలి తొందరపడి వచ్చింది. ఇళ్ళు పోయినవాళ్ళందర్నీ స్టేషన్ పక్కన గూడ్సు గోదాములో ఉంచారు. పైన రేకులు, కింద సిమెంటు. మనిషికో పల్చటి దుప్పటి ఇచ్చి చేతులు దులుపుకున్నారు. అమ్మ రోజూ తన ఉద్యోగం ముగించుకుని అక్కడికి వెళ్ళేది. వాళ్ళలో ఎవరో ఒకరు నాన్నని చూసే ఉంటారని ఆమె నమ్మకం. కానీ సరంగు భార్య వస్తోందంటే చాలు, గోదాములో జనం చూపులు తిప్పుకునేవాళ్ళు.

ఒకరోజు అక్కణ్ణుంచి వచ్చీరాగానే చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి అంది: "వాళ్ళకి బొంతలు కుడదాం."

"ఎన్నని కుడతావే?" అంది నానమ్మ.

"అందరికీ. ఉత్త చేతులతో వెళ్ళి అడిగితే ఎవరు నోరు విప్పుతారు అత్తయ్యా? బొంత కప్పి అడిగితే రెండు మాటలన్నా చెప్తారు." తర్వాత నా వైపు తిరిగింది. "మీ కంపెనీలో ముక్కలు ఏం చేస్తారు?"

"బాయిలర్లో వేస్తారు."

"రేపట్నుంచి వెయ్యొద్దని చెప్పు."

కటింగులో మిగిలే ముక్కల సంగతి మా సూపర్వైజరుని అడిగితే, ఆయన నా ముఖం వంక చూసి, "తీసుకుపో తల్లీ, బూడిద ఎత్తే పని తప్పుతుంది," అన్నాడు. ఆ సాయంత్రం మా ముందుగది నడవడానికి దారి లేకుండా గుడ్డపీలికలతో నిండిపోయింది.

*

మా వీధిలో టైలర్ బాబాయి ఒకడున్నాడు. చెప్పిన రోజుకి బట్టలు ఇచ్చిన పాపాన ఎప్పుడూ పోలేదు. పాత కాలు మిషను ఒకటి మోసుకొచ్చి మా వరండాలో దించి, "నన్ను కుట్టమనకండి, మిషను మాత్రం నాది," అన్నాడు. మర్నాటికల్లా ఆ మిషను మీద కూర్చుని ముక్కలు అతికేవాడు అతనే. "ఇదేమన్నా పెళ్ళి బట్టలా? నిదానంగా కుట్టు బాబాయ్," అంటే, "పెళ్ళి బట్టలైతే ఇంత తొందరగా కుట్టేవాణ్ణా?" అనేవాడు.

ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. అందరికంటే ముందు వచ్చింది రేడియో పిన్ని. పొద్దున్నే మొదలుపెడితే దీపాలు పెట్టేదాకా ఆగదని ఆమెకి ఆ పేరు. సూది చేతిలో ఉంటే నోరు మరింత చురుగ్గా ఆడేది. ఆమె గోలకి విసుక్కుంటూనే, ఆమె రాని రోజున అందరం గుమ్మం వైపు చూసేవాళ్ళం.

బొంతల పని మొత్తానికి నానమ్మే పెద్ద. కింద ఒక గట్టి గుడ్డ పరిచేది. దాని మీద పాత దుప్పట్లు, చిరిగిన కర్టెన్లు, అరిగిపోయిన చొక్కాలు పొరలు పొరలుగా సర్దేది. కాలర్లు, జేబులు, గుండీలు ముందే ఊడదీయించేది. ఉబ్బెత్తుగా ఉంటే ఒంటికి గుచ్చుకుంటాయని. పైన బాబాయి అతికిన ముక్కల గుడ్డ. అప్పుడు చుట్టూ కూర్చుని అన్ని పొరలూ కలిసేలా వరస కుట్లు వేసేవాళ్ళం. లోపల ఏ బట్ట ఉందో బయటికి తెలిసేది కాదు.

ఒక మధ్యాహ్నం వీధి చివరి కోడలు ఒక ఉన్ని కోటు పట్టుకొచ్చింది. చెక్కుచెదరలేదు.

"మీ ఆయనదా?" అంది నానమ్మ, దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తూ.

"అవును పెద్దమ్మా."

"చెప్పి తెచ్చావా?"

"చెప్తే ఇస్తాడా?"

అందరూ నవ్వారు. నానమ్మ మాత్రం కోటు మడిచి ఆ అమ్మాయి ఒళ్ళో పెట్టింది. "తొడిగేవాళ్ళున్న బట్ట నేను బొంతలో వెయ్యను. తీసుకెళ్ళమ్మా."

"వేస్తే ఏమవుతుంది?"

"ఏమీ కాదు. రేపు చలేసి వాడు వెతుక్కుంటాడు. అప్పుడు బొంత విప్పి తీసిస్తావా? ఒకసారి పరిచి కుట్టేశామంటే ఆ బట్ట ఇక లేనట్టే."

రేడియో పిన్ని అందుకుంది. "మా ఆయన్నే తొడిగేవాళ్ళు ఎవరన్నా ఉంటే ఇచ్చేస్తాను, పెద్దమ్మా." ఆ నవ్వుల్లో అమ్మ కూడా నవ్వింది. నాన్న పోయిన తర్వాత అది మొదటిసారి. 'నాన్న పోయిన తర్వాత' అని ఇప్పుడు రాస్తున్నాను. అప్పుడు మా ఇంట్లో ఆ మాట ఎవరి నోటా వచ్చేది కాదు.

*

మొదటి విడత బొంతలు తీసుకుని అమ్మ, నానమ్మ, నేను గోదాముకి వెళ్ళాం. అమ్మ ఒక్కొక్కరి ముందూ ఆగి, బొంత పరిచి, అంచు సర్ది, నిలబడే అడిగేది.

"లాంచీ సరంగుని చూశారా? పొడుగ్గా, ఖాకీ చొక్కా, కళ్ళజోడు."

"రెండో విడతలో మమ్మల్ని ఎక్కించింది ఆయనేనమ్మా. ఆ తర్వాత తెలీదు."

"మా ముసలాయన్ని భుజాన మోశాడు తల్లీ. తర్వాత చూడలేదు."

ఆ తర్వాత ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. అమ్మ తలూపి ముందుకి కదిలేది, పక్క ఇంటి తలుపు కొట్టడానికి వెళ్తున్నట్టు.

గోదాము చివర గోడవైపు తిరిగి ఒక ఆడమనిషి పడుకుని ఉంది. దుప్పటి ముసుగు తల మీదుగా కప్పుకుంది. పక్కన పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. అమ్మ రెండుసార్లు పిలిచింది. ఉలుకూ పలుకూ లేదు.

"జ్వరంలా ఉంది. లేపొద్దులే," అంది అమ్మ. అప్పటికే బొంతలు అయిపోయాయి. "ఈమెకి వచ్చే విడతలో ఇద్దాం."

"మీరు అటువైపు చూసి రండి. నేను పిల్లని ఎత్తుకుంటాను," అని నానమ్మ అక్కడే కూలబడింది.

మేం అవతలి వరస ముగించుకుని తిరిగొచ్చేసరికి పిల్ల నానమ్మ భుజం మీద నిద్రపోతోంది. ఆ మనిషి ఇంకా గోడవైపే ఉంది. ముసుగు కింద ఆమె వీపు ఎగిరెగిరి పడుతోంది. నానమ్మ చెయ్యి ఆ వీపు మీద ఉంది.

లేవడానికి నానమ్మ నా చెయ్యి అడిగింది. ఎప్పుడూ అడిగేది కాదు.

"ఏమన్నా చెప్పిందా అత్తయ్యా?" అంది అమ్మ దారిలో.

"పాలు పడటం లేదంది."

ఆ మాట అబద్ధమేమీ కాదు. కానీ ఇల్లు చేరేదాకా నానమ్మ ఇంకో మాట మాట్లాడలేదు.

ఆ ఆదివారం అమ్మ ఇస్త్రీ పెట్టె వేడిచేసి, "అత్తయ్యా," అని పిలిచింది. నానమ్మ లోపలిగదిలోంచే, "నడుం పట్టేసింది. నువ్వు కానియ్యమ్మా," అంది. చొక్కాలు నేను మడిచాను. ఇంకో ఆదివారం కూడా నడుం పట్టేసింది. కానీ గోదాముకి బొంతల మూటలు మోసేటప్పుడు ఆ నడుముకి ఏమీ అయ్యేది కాదు.

అన్నిటికంటే నాకు అనుమానం కలిగించిన సంగతి ఇంకొకటి. నానమ్మ నోట 'వాడొచ్చాక' అనే మాట వినపడటం మానేసింది. కప్పు కారుతోందని నేనే కావాలని ఒకసారి కదిపాను. "ఎవర్నన్నా పిలిపించి బాగు చేయించు," అంది.

ఆ రోజుల్లోనే ఆమె లోపలిగదిలో కిటికీ దగ్గర ఒక్కతే కూర్చుని ఒక బొంత మొదలుపెట్టింది. పది చేతులు పడితే సాయంత్రానికి అయిపోయే పని. "ఇది నా వంతు. ఎవరూ చెయ్యి పెట్టకండి," అంది. చిన్న చిన్న కుట్లు, వరస వంకర పోకుండా.

*

అమ్మకి ఈలోగా ఒక ఆధారం దొరికింది. గోదాములో ఒక ముసలాయన, వరద మర్నాడు దిగువన ఎవరో కళ్ళజోడు మనిషిని పడవలో వేసుకుని తీసుకుపోతుంటే చూశానన్నాడు. ఏ ఊరివైపు అని అడిగితే చెయ్యి గాల్లో ఊపాడు. అమ్మకి ఆ ఊపు చాలు.

"ఆఖరి విడత ఇచ్చేసి నేను బయల్దేరతాను," అంది, అందరూ కూర్చుని కుడుతుండగా. "రేవు రేవుకీ దిగి అడుగుతాను. ఎన్నాళ్ళు పట్టినా సరే."

"ఉద్యోగం?" అన్నాను.

"ఉంచితే ఉంచుతారు. లేకపోతే లేదు."

"ఒక్కదానివే ఎలా వెళ్తావక్కా?" అంది రేడియో పిన్ని. "మనుషులు మంచివాళ్ళు కాదు. మా తోటికోడలు ఒక్కతే రైలెక్కితే పెట్టె పోయింది, చెప్పులు పోయాయి, ఆఖరికి టికెట్ కూడా..."

"ఆయన ఖాకీ చొక్కా ఒకటి పట్టుకెళ్తాను. చూపిస్తే పోల్చుకుంటారు. ఆయన ఖాకీ చొక్కాలన్నిటికీ కళ్ళజోడుకని లోపల నేను వేరే జేబు కుట్టాను కదా. అలాంటిది ఇంకెవరికీ ఉండదు."

నానమ్మ ఆ రోజు తన బొంత బయటికి తెచ్చి, మా మధ్యే కూర్చుని అంచు కుడుతోంది. ఆమె సూది ఆగిపోయింది. అమ్మ చూడలేదు. నేను చూశాను.

ఏదో అనబోయాను. సరిగ్గా అప్పుడే రేడియో పిన్ని, "అబ్బా," అంది. మాటల్లో పడి మడత మందంగా ఉన్నచోట సూది బలంగా నొక్కింది. సూది విరిగింది. ఒక ముక్క ఆమె వేళ్ళ మధ్య ఉంది. మొన వైపు ముక్క కనపడలేదు.

అందరం లేచాం. చాపలు దులిపాం. బాబాయి ఎక్కణ్ణుంచో అయస్కాంతం తెచ్చి నేలంతా గాలించాడు. దొరకలేదు. ఎదురెదురుగా కూర్చుని కుట్టడంలో, ఆ పూట కుట్టినవన్నీ ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోయి ఉన్నాయి.

"ఒక్కటి కూడా గడప దాటకూడదు," అంది అమ్మ. "ప్రతి బొంతా నేను తడిమి చూస్తాను."

అరచేత్తో తడమడం అమ్మకి బాగా తెలుసు. బొంతని నేల మీద బిగుతుగా పరిచి, కళ్ళు మూసుకుని, అరచెయ్యి నిదానంగా ఒక అంచు నుంచి ఇంకో అంచుకి లాక్కుంటూ పోయేది. కళ్ళు తెరిస్తే రంగులు చూస్తాం, చెయ్యి మొద్దుబారుతుంది అనేది.

ఒకటి అయింది. ఇంకొకటి అయింది. ఆమె చెయ్యి నానమ్మ ఒళ్ళో ఉన్న బొంత వైపు సాగింది.

"ఇది నేనొక్కదాన్నే కుట్టాను," అంది నానమ్మ. "నా సూది నా దగ్గరే ఉంది. చూడక్కర్లేదు."

"పసిపిల్లలు పడుకునేవి అత్తయ్యా."

"చూడక్కర్లేదన్నానుగా."

ఆ గొంతు విని అమ్మ తలెత్తింది.  నానమ్మ ఒళ్ళోంచి బొంతని మెల్లిగా లాక్కుని, నేల మీద పరిచి, కళ్ళు మూసుకుంది.

చెయ్యి సగం దాకా ఎక్కడా ఆగకుండా వెళ్ళింది. నడిమికి వచ్చేసరికి ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది.

"సూదా అక్కా?" అంది రేడియో పిన్ని.

అమ్మ అరచెయ్యి తీసేసి వేళ్ళ కొసలతో తడుముతోంది. ఒక గీత వెంట పైకి వెళ్ళింది. గుండీల పట్టీ. పక్కకి వెళ్ళింది. జేబు. ఆ జేబు దాటి కిందకి, కొంచెం లోపలివైపుకి, సన్నగా పొడుగ్గా ఉన్న ఇంకో జేబు. ఆ జేబు చుట్టూ వేళ్ళు ఒకసారి తిరిగాయి. ఎవరి కుట్టు వాళ్ళకి తెలుస్తుంది.

అందరి బట్టలకీ కాలర్లు, జేబులు ఊడదీయించిన నానమ్మ, ఈ ఒక్క చొక్కాకి కత్తెర తగలనివ్వలేదు. గుండీలు మాత్రం తీసి, చేతులు చాపి, ఉన్నదున్నట్టు పరిచి కుట్టేసింది.

అమ్మ కళ్ళు తెరిచింది. నానమ్మ వైపు చూసింది. ఉన్ని కోటు వెనక్కి పంపిన మనిషి ఆమె.

"ఎవరికిది?" అంది అమ్మ.

"ఆ చివర పడుకుంటుంది చూడు. చంటిపిల్ల తల్లి."

"ఆమె చెప్పిందా?"

నానమ్మ తలూపింది.

"ఎప్పుడు?"

"మొదటిసారి వెళ్ళామే, అప్పుడు."

మిషను చప్పుడు ఎప్పుడు ఆగిందో తెలియదు.  నేను బొంత అంచు పట్టుకుని ఉన్నాను. వదలాలని కూడా తోచలేదు.

"నాకెందుకు చెప్పలేదు అత్తయ్యా?"

నానమ్మ సూదిలో దారం వైపు చూసింది. "నువ్వు ఇస్త్రీ చేస్తుంటే చూసేదాన్నమ్మా. అదీ ఆగిపోతే నువ్వు ఏమైపోతావో అనుకున్నాను. నాకు నోరు రాలేదు." దారం కొస వేలికి చుట్టుకుంటూ, "వాడు నా కొడుకు కూడా కదా," అంది.

ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, సూదులు గుడ్డలో గుచ్చి మెల్లిగా లేవబోయారు. ఇంట్లోవాళ్ళని ఇంట్లోవాళ్ళకి వదిలేసి వెళ్ళడం మర్యాద అనుకున్నారు.

"ఎక్కడికి?" అంది అమ్మ. గొంతు మామూలుగానే ఉంది. "సూదిముక్క ఇంకా దొరకలేదు. కూర్చోండి."

తర్వాతి బొంత ముందుకి లాక్కుంది. కళ్ళు మూసుకుని, చెయ్యి ఆనించి, ఒక అంచు నుంచి మొదలుపెట్టింది. సూదిముక్క దాని తర్వాతి దాంట్లో దొరికింది. ముక్కని కాగితంలో చుట్టి బాబాయి చేతికిచ్చి, నానమ్మ పక్కన కూర్చుని, ఆ బొంతకి మిగిలిన అంచు తానే కుట్టింది. ఒక కొస నుంచి ఆమె, ఇంకో కొస నుంచి నానమ్మ. మధ్యలో కలిసినప్పుడు నానమ్మ దారం తెంపి ముడి వేసింది.

*

మర్నాడు గోదాముకి వెళ్ళినప్పుడు అమ్మ దారిలో ఎవరి ముందూ ఆగలేదు. మిగతా బొంతలు బాబాయి, పిన్ని పంచుతుంటే, ఆ ఒక్కటి చంకన పెట్టుకుని నేరుగా చివరికి నడిచింది. వెనక నేను. నానమ్మ రానంది.

గోడవైపు తిరిగి, తల మీదుగా ముసుగు. పక్కన పిల్ల కాళ్ళు ఆడిస్తోంది.

అమ్మ నిలబడలేదు. సిమెంటు మీద చతికిలబడి కూర్చుంది.

"నువ్వు మెలకువగానే ఉన్నావని నాకు తెలుసు. లే."

ముసుగు కదిలింది. ఆమె లేచి కూర్చుంది. నాకంటే చిన్నదే. చేతులు రెండూ దుప్పటి కింద దాచుకుని, తల మోకాళ్ళ మీదికి వంచేసింది.

"పెద్దమ్మ చెప్పేసిందా?"

"ఆమె ఏమీ చెప్పలేదు. నువ్వు చెప్పు. నాకు తొందరేం లేదు."

ఆమె చెప్పింది. ఆగి ఆగి చెప్పింది. పిల్లని ఎత్తుకుని కప్పు మీద ఒక్కతే ఉంది. లాంచీ వచ్చింది. ఆయన తాడు విసిరితే పట్టుకుంది. లాంచీ కప్పుకి ఆనుతుండగా కొట్టుకొచ్చిన చెట్టు మొద్దు ఒకటి తగిలి బోల్తా పడింది. ఆయన నీళ్ళలో పడ్డాడు. తాడు కొస ఆయన చేతిలో, ఇటు కొస ఈమె చేతుల్లో. పిల్ల ఈమె మోకాళ్ళ మధ్య.

"లాగానమ్మా. ఆయన బరువు, నీళ్ళ వడి. లాగలేకపోయాను. చేతులకి చుట్టుకుని అట్లాగే పట్టుకున్నాను. పెంకులు తడిగా ఉన్నాయి. పిల్ల జారడం మొదలైంది." ఆమె పిల్ల వైపు చూసింది. "తాడు వదిలెయ్, పిల్లని పట్టుకో, అన్నాడు. నేను వదల్లేదు. నిజంగా వదల్లేదు. మళ్ళీ అన్నాడు. ఈసారి కోప్పడ్డాడు."

అమ్మ నేలవైపు చూస్తోంది.

"అప్పుడు వదిలాను. ఆయన మళ్ళీ పైకి తేలలేదు," అంది ఆమె.

అవతల వరసలో ఎవరో దగ్గుతున్నారు. రేడియో పిన్ని ఎవరినో పలకరిస్తోంది. పిల్ల తన కాలి వేలు తానే పట్టుకోబోయి అందక, మళ్ళీ ప్రయత్నిస్తోంది.   నాన్న కోప్పడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. మేం ప్రమాదంలో ఉన్నప్పుడే కోప్పడేవాడు.

అమ్మ బొంత విప్పింది. పిల్ల మీద కప్పి, కాళ్ళ దగ్గర లోపలికి దోపింది.

"నాకొద్దమ్మా. మీరు ఇది నాకు..."

"దీని కాళ్ళు చూడు, మంచుముక్కల్లా ఉన్నాయి. ఉంచు." తర్వాత తన చెయ్యి చాపింది. "చేతులు ఇటియ్యి."

ఆమె ఇవ్వలేదు. అమ్మే దుప్పటి కిందకి చెయ్యి పోనిచ్చి ఒక్కొక్కటిగా బయటికి తీసింది. గుప్పిళ్ళు బిగించి ఉన్నాయి. అమ్మ ఒక్కొక్క వేలూ విప్పింది.

అరచేతుల్లో, మణికట్ల చుట్టూ, తాడు ఒరిసిన గీతలు. ఒకదాని మీద ఒకటి, ఒకదాన్ని తెంచుకుంటూ ఒకటి. వేళ్ళ కణుపుల దగ్గర తోలు ఊడిపోయి కొత్త చర్మం గులాబీ రంగులో, నిగనిగలాడుతూ వస్తోంది. కొన్నిచోట్ల ఇంకా మానలేదు.

అమ్మ ఆ చేతుల్ని తన ఒళ్ళో పెట్టుకుంది. బొంతల్ని తడిమినట్టే బొటనవేలితో ఒక్కొక్క గీత వెంట నిదానంగా వెళ్ళింది. ఈసారి కళ్ళు మూసుకోలేదు.

"చాలాసేపే పట్టుకున్నావు," అంది.